కుర్చీలు ఎక్కడ పెడతారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో ఆర్కిటెక్చర్ విద్యార్థులు రూపొందించిన సామాజిక భవనాల నమూనాల మీద పూర్తి పేజీ వ్యాసం వచ్చింది. గ్రంథాలయాలు, సమావేశ మందిరాలు, పిల్లల కేంద్రాలు, వృద్ధులు పగటిపూట వచ్చి కూర్చునే గదులు, అన్నిటి బొమ్మలూ చూడముచ్చటగా ఉన్నాయి. విద్యార్థుల శ్రమకు అంత చోటు ఇచ్చినందుకు, అదే చదువు చివరి సంవత్సరంలో ఉన్నదాన్నిగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అయితే ఆ వ్యాసంలో భవనాలు గీసినవారి మాటలున్నాయి, మార్కులు వేసిన ఆచార్యుల మాటలున్నాయి. ఆ భవనాలను రేపు వాడుకోవలసినవారి మాట మాత్రం ఒక్కటీ లేదు. అది వ్యాసం రాసినవారి పొరపాటు అనడం లేదు. వారు వెతికినా దొరికేది కాదు. మా చదువులో ఆ మాట వినిపించే సందర్భమే లేదు. ఈ ఉత్తరం ఆ లోటు గురించి.

బయటివారికి తెలియడం కోసం మా స్టూడియో, అంటే డిజైన్ నేర్పే తరగతి, ఎలా నడుస్తుందో కొంత చెప్పాలి. సెమిస్టరు మొదట్లో ఆచార్యులు ఒక కాగితం ఇస్తారు. ఫలానా స్థలంలో సామాజిక భవనం, రెండు వందల మంది పట్టే హాలు, చదువుకునే గది, చిన్న ఆరోగ్య కేంద్రం, పిల్లలకు ఒక గది, మరుగుదొడ్లు, ఒక్కొక్కదానికి ఎన్ని చదరపు మీటర్లు అన్న పట్టికతో సహా అందులో ఉంటుంది. ఒక ఉదయం అందరం కలిసి సైట్‌కు వెళ్తాం. కొలతలు తీసుకుంటాం, ఎండ ఎటునుంచి వస్తుందో, నీరు ఎటు పారుతుందో రాసుకుంటాం, ఫొటోలు తీసుకుంటాం, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేస్తాం. ఆ తరువాత మూడు నెలలూ ఆ భవనం మా బల్లల మీదే పెరుగుతుంది. ముందు గదుల సంబంధాలు చూపే గుండ్రటి గీతలు, తరువాత ప్లాన్లు, భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్లు, బయటి గోడలు చూపే ఎలివేషన్లు, అట్టతో మోడల్, చివరికి కంప్యూటర్లో సాయంకాలపు వెలుగులో మెరిసే బొమ్మలు. ఆఖరి రోజు జ్యూరీ. లోపలి ఆచార్యులు ఇద్దరు, బయటినుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ ఒకరు, ఒక్కో విద్యార్థికి పది పదిహేను నిమిషాలు. ‘కమ్యూనిటీ’ అన్న మాట ఆ పదిహేను నిమిషాల్లో ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టడం కష్టం. కమ్యూనిటీకి చెందిన మనిషి ఒక్కరైనా ఆ గదిలో ఉండరు.

నిరుడు నా జ్యూరీ రోజున మాత్రం ఒకరు ఉన్నారు, అనుకోకుండా. మా కళాశాలలో హాలు బాధ్యత చూసే పెద్దాయన బల్లలు వేయడానికి, షీట్లు తగిలించే బోర్డులు నిలబెట్టడానికి పొద్దున్నే వచ్చారు. నేను మోడల్‌ను బల్ల మీద పెట్టి, ఊడిపోయిన చెట్టొకటి మళ్లీ అతికించుకుంటున్నాను. ఆయన కొంచెం వంగి, పైకప్పు తీసి చూడవచ్చా అని అడిగి, చాలాసేపు లోపలికి చూశారు. “చాలా బాగుందమ్మా. ఇది హాలు కదా? మరి కుర్చీలు ఎక్కడ పెడతారు?” అన్నారు. హాల్లోనే వేస్తారని చెప్పాను. “వేసినప్పుడు సరే. తీసేసినప్పుడు?” అన్నారాయన.

నా హాలు గొప్పదనమంతా అదే కదా, ఉదయం వ్యాయామం, మధ్యాహ్నం పిల్లల ఆటలు, సాయంత్రం సమావేశం, అన్నిటికీ ఒకే గది అని షీట్ మీద బాణపు గుర్తులతో సహా చూపించాను. ఉదయం వ్యాయామం జరగాలంటే నిన్న సాయంత్రపు రెండు వందల కుర్చీలూ ఎక్కడికో వెళ్లాలి. ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. పదేసి కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చితే ఇరవై దొంతరలు; ఒక్కో దొంతరకు సుమారు 60 సెంటీమీటర్ల చదరం కావాలి. కుర్చీలకే ఏడు చదరపు మీటర్లు దాటుతుంది; మధ్యలో మనిషి నడిచి, దొంతరను ఈడ్చుకుపోవడానికి దారి కూడా కలిపితే పన్నెండు చదరపు మీటర్ల గది, అంటే 3 మీటర్లు వెడల్పు, 4 మీటర్లు పొడవు, హాలుకు ఆనుకుని, వెడల్పాటి తలుపుతో. మీటరును సెంటీమీటరుగా చూపే 1:100 స్కేల్లో గీసిన నా షీట్ మీద అది మూడు సెంటీమీటర్లు, నాలుగు సెంటీమీటర్ల దీర్ఘచతురస్రం. అగ్గిపెట్టె కన్నా చిన్నది. అది లేకపోతే కుర్చీలు హాలులోనే ఒక గోడవారగా పేరుకుంటాయి. ఆ గోడ దగ్గర నేను వేసిన పుస్తకాల అరలు కుర్చీల వెనక్కి పోతాయి. కొన్నాళ్లకు పిల్లల గది కాస్తా కుర్చీల గది అయి కూర్చుంటుంది. ఇలా అయిపోయిన భవనాలను మనమందరం చూశాం. అది వాడేవారి నిర్లక్ష్యమని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని.

ఆయన ఇంకా అడిగారు. నా భవనానికి నాలుగు వైపులా ఏడు తలుపులు పెట్టాను. ‘అందరికీ అన్ని వైపులా తెరిచిన భవనం’ అన్నది నా కాన్సెప్ట్, షీట్ పైన పెద్ద అక్షరాలతో రాసుకున్నది కూడా. ఆయన వేలితో ఒక్కొక్క తలుపునూ లెక్కపెట్టుకుంటూ మోడల్ చుట్టూ తిరిగి, “ఏడు తాళాలు” అని ఊరుకున్నారు. రాత్రి ఒక్క మనిషి ఏడు తలుపులు వేసుకుని, ఏడూ సరిగ్గా పడ్డాయో లేదో మళ్లీ ఒకసారి చూసుకుని ఇంటికి పోవాలి. నెల తిరిగేసరికి అందులో ఐదు శాశ్వతంగా మూసేస్తారని ఆయన నవ్వుతూ అన్నారు. తడిగుడ్డ పెట్టడానికి బకెట్లో నీళ్లు ఎక్కడ పట్టుకోవాలని అడిగారు; నా ప్లాన్లో మరుగుదొడ్లలో చేతులు కడుక్కునే బేసిన్లు తప్ప బకెట్ పట్టే కొళాయి ఎక్కడా లేదు. ఆరు మీటర్ల ఎత్తున నేను పెట్టిన అద్దాన్ని తుడవడానికి నిచ్చెన ఎక్కడ ఆనించాలని అడిగారు. ఆ అద్దం కింద నేను గీసింది నీటి తొట్టె.

ఆ తరువాత జ్యూరీ జరిగింది. పైకప్పు ఆకారం గురించి, వెలుగునీడల గురించి, ప్రాంగణం పరిమాణం గురించి మంచి చర్చే జరిగింది. మంచి మార్కులు కూడా వచ్చాయి. కుర్చీల గురించి, తాళాల గురించి, నీళ్ల గురించి ఎవరూ అడగలేదు. హాలు పెద్దాయన వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనను ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా ఆయన పేరు ఎత్తలేదు.

ఆ రాత్రి మొత్తం ప్లాన్‌ను ఆయన కళ్లతో చూడడం మొదలుపెడితే ఇంకో తప్పు బయటపడింది. ఇది ఎవరూ చూపించనిది. నేల మట్టం కన్నా భవనాన్ని 450 మిల్లీమీటర్లు ఎత్తుపెట్టి, ముందువైపు మూడు మెట్లు, పక్కన చక్రాల కుర్చీ కోసం ర్యాంప్ గీశాను. ర్యాంప్ వాలు పన్నెండుకు ఒకటి మించకూడదన్నది మాకు రెండో సంవత్సరంలోనే నేర్పిన లెక్క. 450 మిల్లీమీటర్లు ఎక్కాలంటే 5.4 మీటర్ల పొడవు కావాలి. పైనా కిందా చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర చొప్పున చదునైన చోటు వదిలితే మొత్తం ఎనిమిది మీటర్లు దాటుతుంది. నా ర్యాంప్ మూడు మీటర్లే. మెట్ల పక్కన మిగిలిన చోటు అంతే ఉంది కనుక అంతే గీశాను. ఆ వాలులో ఎవరి సాయమూ లేకుండా చక్రాల కుర్చీలో పైకి వెళ్లడం చాలామందివల్ల కాదు. దిగడం మరీ ప్రమాదం. షీట్ మీద ‘ర్యాంప్’ అన్న అక్షరాలు ఉన్నాయి కనుక జ్యూరీ దాన్ని ఉన్నట్టే లెక్కవేసింది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి ఒక్కరు ఆ గదిలో ఉండి ఉంటే, స్కేల్ పెట్టి కొలవకుండానే చెప్పేవారు.

మేమూ, మా ఆచార్యులూ, బయటి ఆర్కిటెక్టూ అందరం ఒకే బడిలో తర్ఫీదు పొందినవాళ్లం. ఒకరికి కనబడనిది మిగిలినవారికీ కనబడదు. దానికి తోడు ఇప్పుడు కంప్యూటర్ బొమ్మలు వచ్చాయి. వాటిలో మనుషులను సిద్ధంగా దొరికే బొమ్మల నుంచి తెచ్చి అతికిస్తాం. అందరూ యువకులే, అందరూ నిటారుగా నడుస్తుంటారు, ఎక్కడో ఒకచోట బెలూను పట్టుకున్న పాప ఉంటుంది. నా బొమ్మలో పాపకు నీడ పెట్టడం కూడా మరిచిపోయాను. చీపురు ఉండదు, వైర్లు ఉండవు, నోటీసు బోర్డు ఉండదు, గోడకు ఆనుకుని పేర్చిన కుర్చీలు ఉండవు. మీ పత్రికలో అచ్చయిన ఆరు బొమ్మల్లోనూ లేవు.

విద్యార్థులకు ఇంతకన్నా చేతకాదా అంటే, చరిత్ర అలా చెప్పడం లేదు. బుర్కినా ఫాసోలోని గాండో అనే పల్లెలో 2001లో పూర్తయిన ప్రాథమిక పాఠశాలను కట్టించిన ఫ్రాన్సిస్ కెరే అప్పటికి బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థి. అది ఆయన పుట్టిన ఊరు; అక్కడ బడి లేక చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లవలసి వచ్చినవాడు. చదువుకుంటూనే విరాళాలు పోగుచేసి, సిమెంటు కొద్దిగా కలిపి అచ్చుపోసిన మట్టి ఇటుకలతో గోడలు, వాటి మీద గాలి ఆడేలా ఇటుకల లోకప్పు, దానికి బాగా ఎత్తున ఇనుప చువ్వల చట్రం మీద రేకుల పైకప్పు పెట్టాడు. రేకు వేడెక్కుతుంది, మధ్యనున్న ఖాళీలోంచి వేడిగాలి తప్పుకుంటుంది, గది చల్లగా ఉంటుంది. నాకు ఈ కథలో నచ్చేది మాత్రం ఆ విజ్ఞానం కాదు, దానికి ఊరివారు మొదట అడ్డుచెప్పడం. మట్టి గోడ వానకు కరిగిపోతుందని వారికి అనుభవంతో తెలుసు. మాట చెప్పి ఒప్పించడం కుదరక, ఆయన నమూనాగా కమాను కట్టి దాని మీద మనుషులను నిలబెట్టి చూపించవలసి వచ్చింది. అంటే ఆయన జ్యూరీ ఆ ఊరే. ఆ తరువాత ఆడవాళ్లు నేలను దిమ్మిస కొట్టి రాళ్లతో నునుపు చేశారు, పిల్లలు రాళ్లు మోసుకొచ్చారు. 2004లో ఆ బడికి ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఆయన పట్టా అందుకున్నదీ ఆ ఏడే. 2022లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదిగా ఎంచే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి ఆఫ్రికా ఆర్కిటెక్ట్ ఆయనే.

బంగ్లాదేశ్‌లోని దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్‌లో ఉన్న మట్టి, వెదురు బడిదీ ఇలాంటి పుట్టుకే. జర్మనీకి చెందిన అన్నా హెరింగర్ పందొమ్మిదేళ్ల వయసులో దీప్‌శిఖ అనే స్వచ్ఛంద సంస్థలో పనిచేయడానికి అక్కడికి వెళ్లి ఏడాది ఉంది. తరువాత ఆస్ట్రియాలోని లింట్స్‌లో ఆర్కిటెక్చర్ చదివి, 2004లో తన పట్టా ప్రాజెక్టుగా ఆ బడినే గీసింది. ఆమె ఆ ఊరి కట్టుబడిని తీసిపారేయలేదు. దాని జబ్బు ఎక్కడుందో పట్టుకుంది. అక్కడి మట్టి ఇళ్లు త్వరగా పాడవడానికి కారణం మట్టి కాదు, కింద పునాది లేకపోవడం, నేల చెమ్మ పైకి ఎక్కకుండా అడ్డుపొర లేకపోవడం. ఇటుక పునాది వేసి, చెమ్మ అడ్డుపొర పరిచి, గడ్డి కలిపి పశువులతో తొక్కించిన మట్టితో కింది అంతస్తు గోడలు, వెదురుతో పై అంతస్తు కట్టారు. ఐకే రోస్‌వాగ్ అనే మరో ఆర్కిటెక్ట్‌తో కలిసి, ఊరి కూలీలతో 2005లో పని సాగింది. 2007లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. పదిహేనేళ్ల తరువాత అదే ఊళ్లో ఆమె కట్టిన ఆనందాలయ్ అనే భవనంలో వికలాంగుల చికిత్సా కేంద్రం ఉంది. దాని ముఖచిత్రమే ర్యాంప్. మట్టి భవనం ఒంటికి చుట్టుకుంటూ అది పై అంతస్తు దాకా వెళ్తుంది. దాని కింద పిల్లలు దూరి ఆడుకునే గుహల్లాంటి చోట్లు కూడా ఉన్నాయి. ర్యాంప్‌ను మిగిలిన మూలలో ఇరికించడానికీ, దాని చుట్టూ భవనాన్ని అల్లడానికీ ఉన్న తేడా నా మూడు మీటర్ల గీత ముందు నిలబడ్డాక బాగా అర్థమైంది.

విశ్వవిద్యాలయాలే ఈ బాధ్యత తలకెత్తుకున్న చోట్లూ ఉన్నాయి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్ట్ చార్లెస్ మూర్ 1967లో మొదలుపెట్టిన పద్ధతిలో మొదటి సంవత్సరం విద్యార్థులు తాము గీసినదాన్ని తామే కట్టాలి. తొలి ఏడు కట్టింది కెంటకీ కొండల్లో ఒక సామాజిక భవనం. ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ 1993లో అలబామాలోని హేల్ కౌంటీలో రూరల్ స్టూడియో ఆరంభించారు. విద్యార్థులు ఆ పేద పల్లెల్లోనే కాపురం పెట్టి, అక్కడివారి కోసం గీసి, స్వయంగా కడతారు. మేసన్స్ బెండ్ అనే చోట 2000లో వారు కట్టిన సామాజిక కేంద్రానికి పాత కార్ల ముందు అద్దాలు ఎనభై తెచ్చి పైకప్పుగా పొలుసుల్లా పేర్చారు. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. నాకు దానికన్నా ఎక్కువ విలువైనదిగా తోచేది, ఆ స్టూడియో ఆ తరువాతా ఆ ఊళ్లను వదలకపోవడం. అగ్నిమాపక కేంద్రం, పంచాయతీ భవనం, గ్రంథాలయం ఒకదాని తరువాత ఒకటి న్యూబర్న్ అనే ఒకే చిన్న ఊళ్లో కడుతూ వచ్చారు. నిన్న కట్టినదాని ముందునుంచే ఈ రోజు పనికి నడిచి వెళ్లాలి. కారే చోటు కళ్లబడుతుంది, కారుతోందని చెప్పే మనిషి దారిలో ఎదురవుతాడు.

ప్రతి విద్యార్థికీ పుట్టిన ఊళ్లో బడి కట్టే అవకాశమో, ఒక ఏడాది పల్లెలో ఉండే వీలో దొరకదు. నాకూ లేదు. ఇవి మేలిరకం ఉదాహరణలు, వాటినే కొలబద్దగా పెట్టి మిగిలిన కళాశాలలను తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఈ చోట్లన్నిటా జరిగి, మా స్టూడియోలో జరగనిది ఒకటి ఉంది. గీసిన మనిషి ముందు నిలబడి, “ఇది నాకు పనికిరాదు” అనగలిగిన మనిషి అక్కడ ఉన్నాడు. దానికి విమానం టికెట్టూ అక్కర్లేదు, విరాళాలూ అక్కర్లేదు.

ఆ మనిషి లేకపోతే ఎంతదాకా పోవచ్చో చెప్పడానికి మా తరగతుల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కట్టిన ప్రూయిట్-ఐగో గృహసముదాయాన్ని చూపిస్తారు. ఆర్కిటెక్ట్ మినోరు యమసాకి రూపకల్పనలో పదకొండు అంతస్తుల భవనాలు ముప్పై మూడు, 1950ల మధ్యలో పూర్తయ్యాయి. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగదు. మూడేసి అంతస్తులకు ఒకసారి ఆగుతుంది, అక్కడ వెడల్పాటి వసారా ఉంటుంది. అక్కడ దిగినవారంతా ఒకరికొకరు ఎదురుపడి, పిల్లలు ఆడుకుని, పెద్దలు ముచ్చటించుకుని ఇరుగుపొరుగు ఏర్పడుతుందని ఊహ. ఆచరణలో ఆ వసారాలు, అక్కడినుంచి ఇళ్లకు వెళ్లే మెట్లు భయపడుతూ దాటవలసిన చోట్లయ్యాయి. 1972లో కూల్చడం మొదలుపెట్టి నాలుగేళ్లలో మొత్తం తీసేశారు. అయితే ఈ కథను ఆర్కిటెక్ట్ తప్పుగా మాత్రమే చెప్పడం నాకు ఇష్టం లేదు. నిర్వహణకు డబ్బు లేకుండా చేయడం, ఊరు ఖాళీ అవుతూ రావడం, వర్ణవివక్ష, ఇవన్నీ కలిసి దాన్ని కూల్చాయి. ఆ వసారా మాత్రం మా పాఠమే. షీట్ మీద ‘సామాజిక స్థలం’ అని రాసినంత మాత్రాన అక్కడ సమాజం వచ్చి కూర్చోదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది బ్రెజిల్‌లోని సావో పావ్‌లోలో ఆర్కిటెక్ట్ లీనా బో బార్డి చేసిన సెస్క్ పొంపేయా అనే కేంద్రం. 1970ల చివర్లో పాత డ్రమ్ముల ఫ్యాక్టరీని కూల్చి క్రీడా, సాంస్కృతిక కేంద్రం కట్టాలని ఆమెను పిలిచారు. ఆమె వెళ్లి చూస్తే ఆ ఖాళీ షెడ్లలో అప్పటికే పిల్లలు పరుగెత్తుతున్నారు, కుర్రాళ్లు బంతి ఆడుతున్నారు, కుటుంబాలు వచ్చి కాలం గడుపుతున్నాయి. జనం ఎంచుకున్న చోటును కూల్చడం ఎందుకని షెడ్లను అలాగే ఉంచి, లోపల ఒక నీటి పాయ, చలికాచుకునే పొయ్యి, చదువుకునే అరుగులు మాత్రం చేర్చి, ఆటల కోసం పక్కన కాంక్రీటు గోపురాలు లేపింది. ఆమె చేసిన మొదటి డిజైన్ పని చూడడం. ఒక పూట కాదు, మళ్లీ మళ్లీ వెళ్లి చూడడం. మాకు సైట్ విజిట్ అంటే ఒక ఉదయం. ఆ ఉదయం పిల్లలు బడిలో ఉంటారు, పెద్దలు పనిలో ఉంటారు. ఖాళీ స్థలం ఫొటోలు తీసుకుని, అది ఖాళీ స్థలమని రాసుకుని వచ్చేస్తాం.

ఇక నేను అడుగుతున్నది. సామాజిక భవనం మీద జరిగే ప్రతి జ్యూరీలోనూ అలాంటి భవనాన్ని వాడుకునే మనిషి ఒకరు, దాన్ని తాళం వేసి, తుడిచి, నడిపే మనిషి ఒకరు కూర్చోవాలి. వెనక గోడ దగ్గర నిలబడడం కాదు, మిగిలినవారి వరసలో కుర్చీ వేసుకుని. వారికి షీట్లు చదవడం రాకపోవచ్చు; అప్పుడు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత విద్యార్థిది, ఆ అభ్యాసం మాకు ఎలాగూ కావాలి. ఇల్లు కట్టించుకునేవారిలో ప్లాన్ చదవగలిగేవారు ఎందరు? గ్రంథాలయ భవనమైతే పుస్తకాలు సర్దే ఉద్యోగి రావచ్చు, ఆరోగ్య కేంద్రమైతే నర్సు రావచ్చు, పిల్లల కేంద్రమైతే ఆయా రావచ్చు. వారు అడిగిన ప్రశ్నలు మిగిలిన వ్యాఖ్యలతోపాటు రాతలో ఉండాలి, తుది షీట్లలో వాటికి జవాబు కనిపించాలి. వారి ఒక పూట సంపాదన పోతుంది కనుక, బయటి ఆర్కిటెక్ట్‌కు ఇచ్చినట్టే వారికీ గౌరవవేతనం ఇవ్వాలి. ఇది పెద్ద సంస్కరణ కాదు, పాఠ్యప్రణాళిక మార్చనక్కర్లేదు. రెండు కుర్చీలు ఎక్కువ వేస్తే చాలు.

దీనికి మా ఆచార్యులలో ఒకరు చెప్పిన అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. వాడేవారికి ఓటు ఇస్తే కొత్తదేదీ పుట్టదు, అందరూ అలవాటైనదే అడుగుతారని ఆయన వాదన. అందుకు ఆయన చూపిన ఉదాహరణ వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధవీరుల స్మారకం. 1981లో జరిగిన పోటీకి 1,421 నమూనాలు వచ్చాయి, ఎవరివో తెలియకుండా అంకెలు మాత్రం వేసి చూశారు. గెలిచింది యేల్‌లో ఇంకా డిగ్రీ చదువుతున్న ఇరవై ఒకటేళ్ల మాయా లిన్. జ్యూరీ అంతా కళాకారులు, డిజైన్ నిపుణులు. నేలలోకి దిగినట్టుండే నల్లరాతి గోడలు, వాటి మీద చనిపోయినవారి పేర్లు, అంతే. మాజీ సైనికుల్లో చాలామంది దాన్ని అవమానమన్నారు. చివరికి రాజీగా దగ్గరలోనే ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టవలసి వచ్చింది. ఆ నల్ల గోడ దగ్గరే ఇప్పుడు జనం ఆగి, పేరు మీద చేయి పెట్టి, రాతిలో తమ ముఖం చూసుకుంటూ నిలబడతారు. ఓటు పెట్టి ఉంటే ఆ గోడ వచ్చేది కాదేమో. ఇది నేను ఒప్పుకుంటాను. అందుకే ఓటు అడగడం లేదు. రూపం మీద తీర్పు నిపుణులదే కావచ్చు. వాడుక మీద సాక్ష్యం వాడేవారిది కావాలి. పెద్దాయన నా పైకప్పు ఆకారం గురించి ఒక్క మాట అనలేదు. దాని కింద పనిచేయడం గురించి అడిగారు.

రెండో అభ్యంతరం నాకు నేనే చెప్పుకుంటున్నది. అమెరికాలో ప్రభుత్వ విధానాలను పరిశీలించే షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టడం, అన్నిటికన్నా పైన నిర్ణయం వారి చేతిలోనే ఉండడం. మధ్యలో ఎక్కడో ‘సంప్రదించడం’ ఉంటుంది, దాన్ని ఆమె పేరుకు మాత్రం జరిగే తంతుల్లోనే చేర్చారు. నేను అడుగుతున్న రెండు కుర్చీలూ ఆ మధ్య మెట్టు దాటవు. ఒకరిని పిలిచి, టీ ఇచ్చి, ఫొటో తీసి, ఆ ఫొటోను ‘కమ్యూనిటీ భాగస్వామ్యం’ అన్న శీర్షికతో షీట్ మీద అతికించే ప్రమాదం నిజంగా ఉంది. మా వాళ్లం అందులో నేర్పరులం. అయినా ఇప్పుడు మేము నిచ్చెన దగ్గరికే పోలేదు. అది కట్టబోని భవనం, కాగితం మీద కసరత్తు అని కొందరు అంటారు. నిజమే, కానీ కాగితం మీద ఐదేళ్లపాటు అడగకుండా గీయడం అలవాటైన చెయ్యి, రేపు నిజం భవనం ముందు ఉన్నట్టుండి అడగడం ఎలా మొదలుపెడుతుంది?

మీ పత్రికను కోరేది ఒకటే. ఈసారి విద్యార్థుల డిజైన్ల మీద పేజీ వేసినప్పుడు, దయచేసి ఆ బొమ్మలను అలాంటి భవనంలో పనిచేసే ఒక్క మనిషికి చూపించి, ఏమన్నారో పక్కన రెండు వాక్యాలు అచ్చువేయండి. విద్యార్థులు నొచ్చుకుంటారేమో అన్న సందేహం అక్కర్లేదు. నేను నొచ్చుకోలేదు, ఆ వారమంతా సిగ్గుపడ్డాను, అది వేరు.

ఈ ఏడాది నా థీసిస్, అంటే పట్టా కోసం చేసే ఆఖరి ప్రాజెక్టు, మళ్లీ సామాజిక భవనమే. రెండు తలుపులు, పన్నెండు చదరపు మీటర్ల కుర్చీల గది, బకెట్ పట్టే కొళాయి ఉన్నాయి. భవనం ఎత్తును 150 మిల్లీమీటర్లకు తగ్గించి, మెట్లు మొత్తం తీసేసి, అందరూ ఎక్కేది ఒకే వాలు చేశాను. వాన నీరు లోపలికి రాకుండా దాని చుట్టూ కాలువ ఎలా తిప్పాలన్నది ఇంకా తేలలేదు. జ్యూరీలో హాలు పెద్దాయనకు ఒక కుర్చీ వేయడానికి అనుమతి కోరుతూ మా విభాగానికి దరఖాస్తు పెట్టాను, జవాబు రావలసి ఉంది. ఆయనను మాత్రం ముందే అడిగాను. తప్పకుండా వస్తానన్నారు; ఎలాగూ ఆ రోజు బల్లలు వేయవలసింది తానే కనుక, ఇంకో గంట ముందొచ్చి ఆ పని ముగించుకుని కూర్చుంటానన్నారు.

ఇట్లు,
ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం విద్యార్థిని